గద్ద గూళ్ళూ గిజిగాడి ముక్కూ

అనగనగా ఒక అడవిలో, వాగు మీదికి వంగిన ఏడు ఈతచెట్లు ఉండేవి. ఆ చెట్ల మట్టలకు గిజిగాళ్ళు గూళ్ళు అల్లుకునేవి. అడవి అన్నావు కదా, పులి ఏదీ అని అడగకండి. ఉంది. నిద్రపోతోంది. దాన్ని లేపితే ఈ కథ ఇక్కడితో ఆఖరు.

గిజిగాళ్ళలో ఒక ఆచారం ఉంది. మగపిట్ట ముందుగా సగం గూడు అల్లుతాడు. ఆడపిట్ట వచ్చి చూస్తుంది. ఊరికే చూడదు. కాళ్ళతో తన్నుతుంది. ముక్కుతో ముడి పట్టి లాగుతుంది. లోపల కూర్చుని ఊగుతుంది. నచ్చితే ఉండిపోతుంది. అదే పెళ్ళి. నచ్చకపోతే ఎగిరిపోతుంది. అప్పుడు మగపిట్ట మళ్ళీ మొదటి పోచ నుంచి మొదలుపెట్టాలి. పంతులూ లేడు, సన్నాయీ లేదు.

అప్పలకొండ అనే కుర్ర గిజిగాడు పైడి అనే పిట్ట మీద మనసు పడ్డాడు. ఆమె కోసం ఒక గూడు అల్లాడు. పైడి వచ్చి ముడి లాగింది. ముడి ఊడి ఆమె ముక్కులోకి వచ్చేసింది.

"ఇది గూడా, మేక గడ్డమా?" అని పైడి ఎగిరిపోయింది.

అప్పలకొండ రెండో గూడు అల్లాడు. పైడి లోపల కూర్చుని చూసింది.

"గుమ్మం గాలివాటుకు పెట్టావు. వాన పడితే నా గుడ్లు ఈత నేర్చుకోవాలి" అంది.

"ఇంకొక్క అవకాశం ఇవ్వు పైడీ!" అని అప్పలకొండ బతిమాలాడు.

"ఆరుద్ర కార్తెకు ఇంకా పన్నెండు రోజులుంది. వాన దిగేలోపు మూడోది అల్లు. ముడి గట్టిగా ఉంటే ఉంటాను. లేకపోతే గూడున్నవాడిని చూసుకుంటాను. ఆ తర్వాత నన్ను తిట్టి లాభం లేదు" అంది పైడి.

అప్పలకొండ మూడో గూడు మొదలుపెట్టాడు. వాగు ఒడ్డున మనిషెత్తు రెల్లుగడ్డి ఉంది. పొద్దున్నే లేచి పోచలు చీల్చేవాడు. మట్టకు చుట్టేవాడు. ముడి వేసేవాడు. తనే లాగి చూసుకునేవాడు. ఈసారి ముడి ఊడలేదు. ఆరు రోజులకు సగం గూడు చక్కగా కుదిరింది.

ఏడో రోజు పొద్దున సముద్రం అవతలి నుంచి ఒక తెల్లతల గద్ద వచ్చాడు. అతని దేశంలో సగం ఏడాది మంచే కురుస్తుందట. అతను వస్తున్నాడని చిట్టబ్బాయి అనే కాకికి ముందే తెలుసు. పందిరి వేయించాడు. ఆకుల తోరణం కట్టించాడు.

గద్ద దొర పందిట్లో కూర్చుని అన్నాడు: "మీరు ముక్కులు అరిగేలా గడ్డి అల్లుతుంటే నా గుండె తరుక్కుపోతోంది. ఇవిగో, తయారు గూళ్ళు. తగిలించుకోవడం, కాపురం పెట్టడం. అంతే."

గూళ్ళు పచ్చటి నారతో మెరిసిపోతున్నాయి. లాగితే తెగవు. లోపల బెత్తెడు మందాన దూది ఉంది.

"మేమేం ఇచ్చుకోవాలి దొరా?" అని పిట్టలు అడిగాయి.

"ఛ, ఛ! ఏమీ వద్దు. ఆ ఒడ్డున ఉన్న రెల్లు కోసుకుపోతాను. గూడు చేతికొచ్చాక మీకు గడ్డెందుకు?"

"అవును కదా, ఎందుకు?" అని పిట్టలు ఒకదాన్నొకటి అడిగి, అవే తలలూపాయి.

మధ్యాహ్నానికి ఆరు చెట్ల నిండా పచ్చటి గూళ్ళు వేలాడాయి. పైడి చూసేది తన ముడిని కనుక అప్పలకొండ గద్ద గూడు తీసుకోలేదు; ఏడో చెట్టుకు అతని సగం గూడు ఒక్కటే వేలాడింది. ఒడ్డున రెల్లు మోళ్ళు మాత్రం మిగిలాయి. గద్ద దొర రెల్లు మోపులు కట్టుకుని, సాయంత్రానికి ఎగిరిపోయాడు.

మర్నాటి నుంచి గొడవ మొదలైంది. గూళ్ళన్నీ ఒక్కలాగే ఉన్నాయి. గంగులు అనే గిజిగాడు పక్కవాడి గూట్లో దూరి, వాళ్ళ అత్తగారి చేత ముక్కు మీద పొడిపించుకున్నాడు. అది మంచుదేశపు గూడు కదా, దూది లోపల పిట్టలు ఉడికిపోయాయి. పైగా గూటి నోరు ఆకాశం వైపు ఉంది. వాళ్ళ దేశంలో ఎండ లోపలికి రావాలట. మన దేశంలో వానా వస్తుంది, పామూ వస్తుంది.

అయినా గంగులు మాత్రం పెళ్ళాంతో ఊగుతున్నాడు. ఒక్క పోచ ముట్టలేదు, ఒక్క ముడి వేయలేదు. అప్పలకొండ తన సగం గూటి మీద కూర్చుని అది చూశాడు. ఒళ్ళు మండింది. ముక్కులోని పోచ జారి వాగులో పడింది. తల పైకెత్తి గట్టిగా అరిచాడు:

"గద్దా, వెనక్కి పో!"

గద్ద ఎప్పుడో పోయాడు. ఆ సంగతి అప్పలకొండకు గుర్తు రాలేదు. ఒళ్ళు ఉడికిన పిట్టలన్నీ బయటికి వచ్చి, "గద్దా, వెనక్కి పో!" అని వంత పాడాయి. అప్పలకొండకు ఆ అరుపు తేనెలా ఉంది. గూడు అల్లితే మెచ్చుకునేది ఒక్క పైడి. అదీ మెచ్చుకుంటే. అరిస్తే ఏడు చెట్లూ మెచ్చుకున్నాయి. చీకటి పడేదాకా అరిచాడు.

సాయంత్రం పైడి వచ్చింది. సగం గూడు లాగి చూసింది.

"ఇవాళ ఎన్ని పోచలు?" అని అడిగింది.

"ఇవాళ అరిచాను పైడీ! విన్నావా?"

"విన్నాను. వాన కూడా విని ఆగితే బాగుండును" అని పైడి వెళ్ళిపోయింది.

రెండో రోజు సభ జరిగింది. సభకు పందిరి వేయించింది కాకి చిట్టబ్బాయే. తోరణం కూడా అదే. ఆకులు కొంచెం వాడాయి.

గవరమ్మ అనే ముసలి గిజిగాడి పెట్ట అడిగింది: "ఒరే చిట్టబ్బాయీ! మొన్న గద్దకు పందిరి వేసింది నువ్వే కదట్రా?"

"పందిరి పందిరే పిన్నీ! కింద ఎవరు కూర్చున్నారో పందిరికి అనవసరం" అన్నాడు కాకి.

సభలో ఒక్కొక్కరే లేచి మాట్లాడారు.

"వాగులో చేపలు తగ్గిపోయాయి. ఎవరి వల్ల?" అంది కొంగ.

"గద్ద వల్ల!" అని సభ అరిచింది.

"మొన్న నాకు జలుబు చేసింది. ఎవరి వల్ల?" అంది తొండ.

"గద్ద వల్ల!"

"మా ఆవిడ అలిగి పుట్టింటికి పోయింది..." అని ఉడుత మొదలుపెట్టాడు. ఎవరి వల్ల అని అడక్కముందే సభ చెప్పేసింది.

అప్పుడు గవరమ్మ లేచింది. "గద్ద రెల్లు పట్టుకుపోయాడు. ఆ మాట నిజమే. ఆ గూళ్ళు వెధవ గూళ్ళు. అదీ నిజమే. అయితే రెల్లు కోసుకోమని తలూపింది ఎవర్రా?"

అందరూ కలిసి ఆమెను కూర్చోమన్నారు.

అప్పలకొండ చివర్లో మాట్లాడాడు. ఎంత బాగా మాట్లాడాడంటే, ముందు వరసలో ముగ్గురు కుర్రపిట్టలు రెక్కలు ఊడిపోయేలా కొట్టాయి. సభ అయ్యాక ఆ ముగ్గురూ కాకిని పక్కకు పిలిచి, "గద్ద దొర తన దేశానికి మనలాంటివాళ్ళను తీసుకెళ్తాడా బాబాయ్?" అని మెల్లగా అడిగారు.

సాయంత్రం పైడి వచ్చింది.

"ఇవాళ ఎన్ని పోచలు?"

"ఇవాళ సభ. పెద్ద తీర్మానం చేశాం!"

"ఓహో! దాన్లో గుడ్లు పెట్టొచ్చా?" అంది పైడి.

మూడో రోజు ఊరేగింపు. ముందు అప్పలకొండ, వెనక పిట్టల గుంపు. చెట్టు చెట్టుకూ తిరిగి గద్ద గూళ్ళు పీకారు. వాగులోకి విసిరారు. విసిరిన ప్రతి గూటికీ ఒక కేక. గంగులు తన గూడు తనే విసిరేసి, అందరికంటే గట్టిగా కేక వేశాడు. అతని పెళ్ళాం మాత్రం వాగు వైపు చూస్తూ ఉండిపోయింది.

నాలుగో చెట్టు మీద గవరమ్మ గద్ద గూట్లోనే పొదుగుతోంది. గూటి నోటికి అడ్డంగా రెండు ఈతాకులు కప్పుకుంది.

"దిగు పెద్దమ్మా! అది పరాయి గూడు" అన్నాడు అప్పలకొండ.

"గూడు పరాయిదే. గుడ్లు నావి. ముట్టుకుంటే నీ నాయకత్వం కన్నుతో సహా పీకేస్తాను" అంది గవరమ్మ.

ఊరేగింపు ఆ చెట్టును వదిలేసి ముందుకు పోయింది.

సాయంత్రం పైడి వచ్చింది. ఈసారి పోచల సంగతి అడగలేదు. సగం గూడు అంచు పట్టి చూసింది. మూడు రోజులు పట్టించుకోక అంచు పోచలు విచ్చుకున్నాయి.

"గద్ద గూళ్ళన్నీ పీకేశాం!" అన్నాడు అప్పలకొండ. గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

"మంచి పని చేశారు. అవి మనకు పనికొచ్చేవి కావు. మరి మన గూడు ఏది?" అంది పైడి.

అప్పలకొండ విచ్చుకున్న పోచ ఒకటి ముక్కుతో లోపలికి నొక్కాడు.

"ఎల్లుండి ఆరుద్ర. రేపు సాయంత్రం ఆఖరిసారి వస్తాను. గొంతు చూడ్డానికి రాను. ముడి చూడ్డానికి వస్తాను" అని పైడి ఎగిరిపోయింది.

తెల్లవారేసరికి పడమట మబ్బు కమ్ముకుంది. దూరదేశాలు తిరిగే ఒక గూడబాతు అలసిపోయి వాగు దగ్గర దిగింది.

"మా అరుపులకు భయపడి గద్ద పారిపోయాడట! నువ్వు చూశావా?" అని అప్పలకొండ ఆశగా అడిగాడు.

"తెల్లతలవాడేనా? చూశాను. నాలుగు రోజుల నుంచి ఇంకో వాగు దగ్గర గూళ్ళు పంచుతున్నాడు. అక్కడ కూడా ఎవరో పందిరి వేశారు" అంది గూడబాతు.

"మా అరుపులు అతనికి వినపడలేదా?"

"ఎవరి అరుపులు?" అంది గూడబాతు.

అప్పలకొండ సగం గూటి వైపు చూశాడు. మబ్బు వైపు చూశాడు. ఎగిరి ఒడ్డుకు వెళ్ళాడు. రెల్లు లేదు, మోళ్ళే ఉన్నాయి. ఈతాకులు సన్నగా చీల్చాడు. గోడకు అవి సరిపోతాయి. కానీ అవి బిరుసు, ముడి పడవు. ముడి వేయడానికి మెత్తటి నార కావాలి.

వాగు మధ్య రాళ్ళకు చిక్కుకుని ఒక గద్ద గూడు కనిపించింది. పచ్చటి నార నీళ్ళలో ఊగుతోంది.

అప్పలకొండ రాయి మీద వాలాడు. నిన్న ఆ గూడు విసిరేసింది తనే. ఇప్పుడు ముట్టుకుంటే అడవి నవ్వుతుంది. ముట్టుకోకపోతే పైడి పోతుంది. కాసేపు అటూ ఇటూ గెంతాడు. తరువాత నార పట్టి లాగాడు. దూది వాగుకు వదిలేశాడు. నోరు పైకున్న ఆ గూడు మొత్తం విప్పేసి, పోగు పోగు వేరు చేశాడు.

ఇక దించిన తల ఎత్తలేదు. ఈతాకు చీలికతో గోడ అల్లాడు. నారతో ముడి వేశాడు. గుమ్మం కిందికి తిప్పాడు. గాలికి గూడు ఊగిసలాడకుండా లోపల తడిమన్ను అద్దాడు. ఆ విద్య ఏ గద్దకూ రాదు.

సాయంత్రం పైడి వచ్చింది. కాళ్ళతో తన్నింది. లోపల కూర్చుని ఊగింది. పచ్చటి పోగు చూసి ఆగింది.

"ఈ నార ఎవరిది?"

"గద్దది" అన్నాడు అప్పలకొండ. అబద్ధం చెప్పడానికి గొంతు కూడా లేదు.

"ముడి ఎవరిది?"

"నాది."

పైడి ముడి పట్టి లాగింది. రెక్కలు బిగించి లాగింది. ఒక కాలు మట్టకు తన్నిపెట్టి మరీ లాగింది. ముడి ఊడలేదు.

"గుమ్మానికి గొట్టం ఇంకా జానెడు అల్లాలి. నిలబడి చూస్తావేం? వాన వస్తోంది" అని పైడి లోపలికి వెళ్ళి కూర్చుంది.

అప్పలకొండ గొట్టం అల్లుతున్నాడు. అప్పుడే చిట్టబ్బాయి విజయోత్సవపు ఊరేగింపును ఆ చెట్టు కిందికి తెచ్చాడు.

"నాయకుడా, దిగిరా! నీ కోసం దండ తెచ్చాం!" అని గుంపు పిలిచింది.

అప్పలకొండ దిగలేదు. కాకి తల పక్కకు వంచి చూశాడు. "ఆగండర్రా! ఆ పచ్చగా మెరిసేదేమిటి? గద్ద నార! ద్రోహి! అడవిని అమ్మేశాడు!"

"ద్రోహి! ద్రోహి!" అని గుంపు అందుకుంది. అందరికంటే గట్టిగా అరిచింది గంగులు.

అప్పలకొండకు జవాబు తట్టింది. చాలా మంచి జవాబు. పందిళ్ళ చిట్టబ్బాయి జన్మలో మర్చిపోలేని జవాబు. కానీ ముక్కులో పోగు ఉంది. ఆఖరి ముడి సగంలో ఉంది. నోరు తెరిస్తే ముడి జారిపోతుంది. జవాబు కంఠంలో కదిలింది, నాలిక దాకా వచ్చింది. అప్పలకొండ దాన్ని మింగేసి ముడి బిగించాడు.

మొదటి చినుకు కాకి నెత్తి మీద పడింది. రెండోది దండ మీద పడింది. తరువాత లెక్క లేదు. ఊరేగింపు ఏ ఆకు దొరికితే ఆ ఆకు కిందికి పరుగెత్తింది. ఆకులు చాలలేదు. గంగులు పెళ్ళాం గంగుల్ని ఏమందో వాన చప్పుడులో వినపడలేదు.

నీతి: పరాయివాణ్ణి తిట్టడానికీ, మన గూడు అల్లడానికీ ఉన్నది ఒక్కటే ముక్కు. రెండు పనులూ ఒక్కసారి జరగవు.