ఓబులక్క డొంక

కొండలకింకా ఎవరూ పేర్లు పెట్టని కాలం. అప్పుడు మన ఊరు ఊరే కాదప్పా, గుట్ట కింద పశువుల దొడ్లు. దొడ్డి పక్కన దొడ్డి, దొడ్డికొక గుడిసె. గుట్ట మీద మేత, కింద వాగులో నీళ్లు. నడుమ పశువులు నడిచే డొంక ఒకటే.

ఆ డొంకలో పేడ ఎత్తుకుని బతికే ముసలామె ఓబులక్క. అన్ని మందలున్న పల్లెలో ఆమెకు ఒక్క దూడ కూడా లేదు. నోరు మాత్రం ఉండేది, అబ్బో, ఊరంత నోరు.

డొంకకు రెండు పక్కలా చేలు ఆ సీమనేలే దొరవి. డొంక కూడా కలుపుకుంటే చేను ఒకటే చెక్కవుతుందని ఆశ పుట్టింది ఆయనకు. అడ్డంగా ముళ్లకంప వేయించినాడు. పశువులు నీళ్లకు పోలేక అరిచినాయి. మగోళ్లు తలలు గోక్కున్నారు. ఓబులక్క కంప పీకి ఇంటికి మోసుకుపోయింది. పొయ్యిలోకి కంప పంపినాడు, దొర చల్లగుండాల అనింది.

దొర రాళ్ల గోడ పెట్టించినాడు. ఓబులక్క ఒక్కో రాయీ గంపకెత్తి, దొర వాకిట్లోనే కుప్ప పోసింది. నీ రాళ్లు నీకే అనింది.

మూడోసారి దొర డొంకంతా దున్నించినాడు. ఇటు అడుగుపెట్టిన పశువును బందెలదొడ్లో వేస్తానన్నాడు. అప్పటికి ఓబులక్క మంచం పట్టింది. పల్లెవాళ్లు ఇంక ఈ చోటు వద్దని మూటలు కట్టుకున్నారు. అది చూసి ఆమెకు ఒళ్లు మండింది. మందల పెద్ద మద్దిలేటిని పిలిపించింది.

"నేను చస్తే ఎక్కడ పూడుస్తావురా?"

"వాగు గట్టున, అక్కా."

"కాదు. డొంక నడిమధ్య పూడ్చు. నా రొమ్ము మీద నాగలి తోలే మగోడు ఎవడో చూస్తా."

మూడో రోజు ఓబులక్క పోయింది. మద్దిలేటి ఆమె చెప్పిన చోటే పూడ్చినాడు. మట్టి మీద ఆమె పేడగంప బోర్లించినాడు.

దొర పాలేర్లు మళ్లీ దున్నేదానికి వచ్చి, గంపను చూసి ఆగిపోయినారు. దొరే నాగలి మేడి పట్టినాడు. గంప దగ్గరికొచ్చేసరికి ఆయనకూ చెయ్యి రాలేదు. ఎద్దులను మళ్లించుకుని ఇంటికి పోయినాడు.

ఆ సాయంత్రమే మద్దిలేటి మందను తోలినాడు. ఆవులు గంపను తొక్కలేదు. సగం ఇటు, సగం అటు, దొర చేలల్లోంచి నడిచి వాగులో దిగినాయి. ఒక దారి మింగబోతే రెండు దారులైనాయి.

ఇప్పటికీ మన ఇళ్లు రెండు పాయలు, నడుమ ఓబులక్క. ఇల్లు కట్టేవాడు ముందు తన పశువులను ఆ చోటి పక్కగా వాగుకు తోలి, దారి చాలి అవి ఆగకుండా పోతేనే పునాది తీస్తాడు. ఆవు ఈనితే మొదటి గంప పేడ ఆమెకే. ఎవడైనా దారికి అడ్డం నిలబడితే మన ఆడోళ్లు అనే మాట ఒకటే.

"చచ్చిన ఓబులక్కే మందకు దారిచ్చింది. బతికున్నోడివి, జరుగు."