ఏడు ఒకట్లు

మా ఆచార్యులుగారు ప్రశ్నకు సమాధానం చెప్పరు, పలక అందిస్తారు. ఆ వరండాలో నాకు దక్కినన్ని పలకలు ఈ జిల్లాలో ఎవడికీ దక్కలేదు. నేను భాగహారానికి కూర్చుంటే వీధిలో బండ్లు ఆగిపోయేవి, ఎడ్లు మెడలు తిప్పి చూసేవి. సరే, అది అలా ఉంచండి.

నా సహాధ్యాయి వేదాద్రి పదిహేడు ఒకట్లు వరసగా రాసుకుని, ఒకటీ, తానూ కాక ఆ సంఖ్యను నిశ్శేషంగా భాగించేది మరొకటి ఉందేమోనని తొమ్మిదేళ్లు వెతికాడు. పెళ్లి మానుకున్నాడు. కళ్లు పాడుచేసుకున్నాడు. ఒకనాడు కాగితాల మూట తెచ్చి గురువుగారి ముందు దించాడు.

"ఇంత వెతికినా దొరకలేదండీ. ఇక లేదనుకోవచ్చా? లేదని ఒక్క మాట అనండి. ఈ మూట గోదాట్లో కలిపేసి కంటినిండా నిద్రపోతాను."

ఆయన పలక మీద ఏడు ఒకట్లు రాశారు. "ముందు ఇది విరుగుతుందేమో చూడండి, ఇద్దరూ."

ఇటువంటిదాన్ని ప్రధాన సంఖ్యలతో ఒక్కొక్కటిగా భాగిస్తూ పోవాలి. దాని వర్గమూలం వెయ్యిన్ని యాభై నాలుగు పైచిలుకు, అందాకా చూస్తే చాలు. ఆలోపల ప్రధాన సంఖ్యలు నూట డెబ్బై ఏడు. ఒకటి వాడు, ఒకటి నేను, వంతులేసుకున్నాం. వేదాద్రి పలకకు ముక్కు ఆనించి చేశాడు. నేనా? నా పలక తుడవడానికి ఇద్దరు మనుషులు చాలలేదు! పొద్దు వాలకముందే నా వంతు ముగించి ఓ కునుకు కూడా తీశాను.

మర్నాడు వేదాద్రి మొహం తేటపడి ఉంది. "నా వంతులో ఒక్కటీ భాగించలేదండీ. వీడిదీ అంతేనట. విరగనివి ఉంటాయన్నమాట."

"శేషాలు చదవవయ్యా, గవరయ్యా," అన్నారు గురువుగారు నాతో.

శేషాలు రాసుకున్న కాగితం తీసి, నాటకంలో పద్యం ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాను. "మూడుతో భాగిస్తే శేషం ఒకటి! ఏడుతో, ఒకటి! పదమూడుతో, ఒకటి!" అలా ఖంగుమంటూ పోయి, "రెండు వందల ముప్పై తొమ్మిదితో, శేషం రెండు వందల ముప్పై తొమ్మిది!"

"ఆగు," అన్నాడు వేదాద్రి. "ఏమన్నావు?"

మళ్లీ చెప్పాను, ఇంకాస్త గట్టిగా.

"ఒరే, భాజకమంతా మిగిలిపోతే ఇంకోసారి పోతుంది కదరా. ఆపైన మిగిలేది సున్న." వాడు వేళ్ల మీద మరోసారి లెక్కేశాడు. "విరిగిందిరా."

నా జన్మలో నేను చేసిన లెక్క దాచుకున్నది ఆ ఒక్కసారే.

వాడు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. మూట విప్పి కాగితాల మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు.

"రెండో ఏట చలిజ్వరంలో కూడా లెక్క ఆపలేదండీ. అమ్మ పోయిన పది రోజులూ ఆపలేదు. ఆ తర్వాత కళ్లు మసకబారాయి. నేనెక్కడ జారానో ఎలా తెలుస్తుంది? మళ్లీ మొదటినుంచి చెయ్యాలా? మీరు ఉందని చెప్పరు, లేదనీ చెప్పరు."

ఆచార్యులుగారు పలక తుడిచారు. అది తుడవడానికి చాలాసేపు పట్టింది.

"నాది ఇరవైమూడు ఒకట్లు, నాయనా," అన్నారు. "మొదలుపెట్టినప్పుడు నాకింకా మీసం రాలేదు."