దానయ్య కొట్టని దెబ్బ

ఊ కొట్టండర్రా. మీరు ఊ కొట్టకపోతే నేను నోరిప్పను. అనగనగా, ఎప్పటి మాటో, ఈ ఒడ్డున దానయ్య అని ఒకడుండేవాడు. పడవ లేదు, వల లేదు, ఉన్నదల్లా ఒక డోలు. ఊరంతా తాడు పట్టి పెద్ద వల ఒడ్డుకి లాగుతుంటే, పక్కన కూచుని వాయించేవాడు. వాటాకింద గుప్పెడు చేపలు పట్టికెళ్ళేవాడు.

మొదట్లో వాళ్ళ నాన్న కొట్టినట్టే కొట్టాడు. గట్టిగా, గబగబా. దెబ్బ పడితే లాగడం, దెబ్బ పడితే లాగడం. అప్పటికి ఎవరికీ ఏ అనుమానమూ లేదు.

తర్వాత ఒక ఓడ చెడిపోయి రేవులో ఆగింది. అందులో వంటవాడిది ఎక్కడో సముద్రాల అవతలి దీవి. నెత్తినిండా జడలు కట్టిన జుట్టు. ఇసకలో కూచుని గిటారు మీటుతూ పాడేవాడు. ఆ పాటని రెగే అంటారట, ఏం పేరో ఏమో! దానయ్య పొద్దస్తమానం వాడి పక్కనే. వాయింపు నెమ్మదించింది. "ఇందులో ఏదో ఉంది," అంది ఊరు.

ఓడ వెళ్ళిపోయింది. అప్పుడు దానయ్య ఇంకా మారాడు. నాలుగు దెబ్బల్లో మొదటిది కొట్టడం మానేశాడు! చెయ్యి లేపుతాడు, ఆపేస్తాడు. అక్కడ ఖాళీ. ఆ తర్వాతే మూడు దెబ్బలు. తాడు పట్టినవాళ్ళు ఒకరి మీద ఒకరు తూలిపడ్డారు. "ఇందులో ఏదో ఉంది!"

జడలవాడు మందు పెట్టాడని ఒకరు. కాదు, చేతబడి అని ఇంకొకరు. కాసులమ్మ మాట మాత్రం వేరు. ఆవిడ కొడుకు వేటకెళ్ళి సముద్రంలోనే పోయాడు. అప్పట్నించీ ఆవిడ గుమ్మం దిగలేదు, తాడు ముట్టలేదు.

"ఆ దెబ్బ కాళీ ఊరికే వదల్లేదర్రా," అంది. "సచ్చిపోయినోళ్ళని పిలుస్తన్నాడు. నా బిడ్డని నీళ్ళల్లో కూడా నిద్దరపోనివ్వట్లేదు."

ఇంకేముంది! కులపెద్ద సూరాడ తీర్పు చెప్పేశాడు. "గంగమ్మ పండగనాడు అమ్మోరి వల లాగుతాం. ఆ రోజు మొదటి దెబ్బ కొట్టు. కొట్టకపోతే డోలు సముద్రంలోకి, నువ్వు ఊరి బయటికి."

పండగ రోజు ఊరంతా ఒడ్డునే. వల కేసి చూసేవాడు లేడు, అందరి కళ్ళూ దానయ్య చేతి మీదే. కాసులమ్మ కూడా గుమ్మం దిగి వచ్చింది, తన కళ్ళతో చూడాలని.

"మొదటి దెబ్బ కొట్టరా," అంది.

"కొట్టను పిన్నీ."

"అమ్మోరి మీద ఒట్టు, కొట్టరా!"

"కొట్టను పిన్నీ."

"ఊరొదిలి పోతావురా, కొట్టు!"

"పోతే పోతాను. అది నాను కొట్టే దెబ్బ కాదు పిన్నీ."

సూరాడ మండిపడి డోలు లాక్కోబోయాడు. సరిగ్గా అప్పుడే నీటి వడి వలని లోపలికి గుంజింది. తాడు అరచేతులు కోసుకుంటూ జారిపోతోంది. అమ్మోరి వల పోతే ఆ ఏడంతా పడవ దించకూడదు. తిండెక్కడిది? జనం గోలగోల, ఎవరి చిత్తానికి వాళ్ళు లాగుతున్నారు. దానయ్య మాత్రం డోలు వదల్లేదు, వాయించడం ఆపలేదు. ఖాళీ, మూడు దెబ్బలు. ఖాళీ, మూడు దెబ్బలు.

కాసులమ్మ ఉండబట్టలేకపోయింది. తాడు అందుకుంది. ఖాళీ రాగానే మడమ ఇసకలో దిగేసి లాగింది. ధన్! మొదటి దెబ్బ ఆ మడమదే. మళ్ళీ ఖాళీ. ఈసారి ఆవిడ వెనక పది మడమలు. ఆ పైసారి ఊరంతా. జారిపోయే వల ఆగింది, మెల్లగా ఒడ్డుకొచ్చింది.

ఆవిడ రొప్పుకుంటూ దానయ్య దగ్గరికెళ్ళింది. "ఒరేయ్, ఇన్నాళ్ళూ నువ్వు పిలిచింది నన్నేనట్రా?"

"నిన్నే పిన్నీ."

కాసులమ్మ ఇసకలో కూలబడి, కొడుకు పోయాక మొదటిసారి నోరారా ఏడ్చింది. డోలు జోలికి మళ్ళీ ఎవరూ పోలేదు. నన్నడిగితే, ఆ జడలవాడి మీద నాకు అనుమానం ఇంకా పోలేదనుకోండి. అది వేరే సంగతి.

దానయ్యా పోయాడు, ఎప్పుడో. ఇప్పటికీ ఈ ఒడ్డున మొదటి దెబ్బ ఎవరూ కొట్టరు. ఎవరింట్లోనైనా మనిషి పోయి, ఉన్నవాళ్ళు తలుపేసుకు కూచుంటే, దినాలవగానే వాళ్ళ గుమ్మం ముందుకి డోలు తీసుకెళ్తాం. ఖాళీ ఉంచి మూడు దెబ్బలు కొడతాం. లోపల్నించి మడమ చప్పుడు వినబడిందా, సరే. వినబడకపోతే మర్నాడు మళ్ళీ వెళ్తాం.