పాలు ముట్టని పాప అడిగిన పేరు

అనగనగా ఆఫ్రికా ఖండంలో ఒక సరస్సు. కాకి ఈ ఒడ్డున ఎగిరితే ఆ ఒడ్డు చేరేలోపు ముసలిదైపోవాలి, అంత సరస్సు! దాని గట్టున లువో జనం పల్లెలో అకోత్ అనే ఇల్లాలు ఆడపిల్లను కన్నది.

పుట్టిందే తడవు పిల్ల ఏడుపు లంకించుకుంది. ఆ ఏడుపుకి నీటిగుర్రాలు గట్టెక్కి పరుగో పరుగు! మబ్బులు దారి మార్చుకున్నాయి. అంతవరకు నవ్వులాటే గానీ, పిల్ల పాలు ముట్టడం లేదు. అకోత్ గుండె చెరువైంది.

"పేరు అడుగుతోందే తల్లీ" అంది అత్తగారు.

అది వాళ్ల ఆచారం. పోయిన పెద్దల్లో తన పేరు పెట్టమని పిల్లను కోరి వచ్చినవారు ఒకరుంటారట. ఒక్కొక్క పేరే పిలవాలి. ఏ పేరుకు ఏడుపు ఆగితే అదే పిల్ల పేరు.

అకోత్ మగడు ఒమోలో మీసం దువ్వాడు. "మా వంశంలో పేర్లకు కొదవా! వానలు కురిపించిన ముత్తవ్వ, అతియెనో!"

పిల్ల గుక్కపట్టింది.

"మందలకు మందలు ఆవులున్న నాయనమ్మ, అచియెంగ్!"

ఈసారి ఇంటికప్పు గడ్డి ఎగిరిపోయింది.

పిల్ల గొంతు బొంగురుపోయింది. పెదవులు ఎండాయి. అకోత్ ఇక ఆగలేకపోయింది.

"ఏమయ్యా, ఇంకో పేరుంది. నువ్వే మింగేస్తున్నావు."

"కుంటి అవినోదా? నెత్తిన కుండలు పెట్టుకుని ఊరూరా అమ్ముకున్న మనిషి పేరు నా కూతురికా? నలుగురూ నవ్వరూ!"

"కరువులో తన గంజి నీకు పోసి, తను కుండ కడిగిన నీళ్లు తాగిందట. అప్పుడెవరైనా నవ్వారా?"

అత్తగారు కళ్లొత్తుకుంది. "నవ్వలేదురా నాయనా. నా పాలు ఎండిపోయాయి. నీ మేనత్త అవినో లేకపోతే నువ్వు లేవు."

ఒమోలో మీసం దిగింది. మోకాళ్ల మీద కూర్చుని పిల్ల చెవి దగ్గర మెల్లగా అన్నాడు. "అవినో... అత్తా, వచ్చావా?"

పిల్ల ఏడుపు ఠక్కున ఆగింది. ఒకసారి వెక్కి, తల్లి రొమ్ము అందుకుంది. ఎంత తాగిందంటే, సరస్సు జానెడు తగ్గిందని అక్కడివాళ్లు ఒట్టేసి చెబుతారు!

తెల్లారగానే ఒమోలో పిల్లను భుజాన వేసుకుని, "మా అవినోను చూశారా!" అంటూ గడపగడపా తిరిగాడు. ఒక్కరైనా నవ్వితేనా!

గంజి పోసిన చేతిని మరిచినవాడు ఎంత గొప్ప పేరు పెట్టి పిలిచినా, ఆ పేరు పలకదు.