మూడో పాటలో ఆగిన ఎలుగు

ఉలవకొండ అడవిలో పాటంటే పొగడదే. పొగడ ఒక ఉడత. కొండవాగు ఒడ్డున పదకొండు పలచటి రాతిపలకలు వరసగా ఉండేవి. ఒక్కో పలకది ఒక్కో స్వరం. ముందుకాళ్ళతో రెండు కుంకుడు గింజలు పట్టుకుని, పలక మీంచి పలక మీదికి గెంతుతూ వాయించేది పొగడ. వాయిస్తూనే పాడేది. చిన్న చిన్న మాటలు, ఇట్టే నోటికి పట్టుబడే వరసలు. పొద్దున ఆమె పాడిన పాటను మధ్యాహ్నానికల్లా కుందేళ్ళు గడ్డి కొరుకుతూ కూనిరాగం తీసేవి. సాయంత్రానికి అడవిదున్నలు కూడా తోకలతో తాళం వేసేవి.

అదే అడవిలో కొండ కడుపున ఒక గుహ ఉంది. అక్కడి పాట వేరు. గంభీరయ్య అనే ముసలి ఎలుగు కళ్ళు మూసుకుని మంద్రంగా రాగం ఎత్తుకునేవాడు. ఇద్దరు కీచురాయి అన్నదమ్ములు రెక్కలు రాసి దాని చుట్టూ సన్నటి అల్లిక అల్లేవారు. ఒక గువ్వ మధ్యలో నింపాదిగా పూరించేది. ఒక్క రాగం ఎత్తుకుంటే పూటంతా నడిచేది. వినేవాళ్ళు పదిమందికి మించేవారు కాదు. ఆ గుహలో అంతకన్నా పట్టరు కూడా.

ఒకనాడు పెద్ద వానలో పొగడ తలదాచుకోవడానికి ఆ గుహలోకి దూరింది. వాన వెలిసింది గాని ఆమె బయటికి రాలేదు. తన పాటలు ఎక్కడ అయిపోతాయో ఈ పాట అక్కడ మొదలవుతున్నట్టు అనిపించింది ఆమెకు. ఆ వారమంతా తిండి సరిగా తినలేదు. ఏడు పాటలు కట్టింది. పైన పలకల గలగల, కింద గుహలోని రాగం. కట్టి గంభీరయ్య దగ్గరికి వెళ్ళి, కలిసి వాయిద్దాం రమ్మని అడిగింది.

గంభీరయ్య సరేనన్నాడు. ఒకే ఒక్క షరతు మాత్రం పెట్టాడు.

"పాటను పరుగెత్తించకమ్మాయ్. మాకు ఊపిరి తీసుకునే చోటు ఉంచు."

పొగడ మాటిచ్చింది. నలభై రోజులు సాధన చేశారు. అడవి నోరు ఊరుకుంటుందా? ఒక ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా అని కొందరు, ఆ ముసలాయనకు ఈ వయసులో గెంతులెందుకని కొందరు అన్నారు. పొగడ విననట్టే ఉంది గాని, ప్రతి మాటా లోపల ముల్లులా దిగుతూనే ఉంది.

ఈ సంగతి అసలు మింగుడుపడనిది ఓబయ్యకు. ఓబయ్య నక్క. వాగు ఒడ్డున జరిగే సభలకు పెద్ద. పాటకూ పాటకూ నడుమ లేచి నాలుగు మాటలు చెప్పడం ఆయన పని. వినడానికి వచ్చినవాళ్ళు తెచ్చిన పీతలూ మేడిపళ్ళూ ముందు ఆయన ముందే పెట్టేవారు. ఈసారి ఏడు పాటలూ ఆపకుండా సాగుతాయి, నడుమ మాటలు వద్దు మామా, అని పొగడ చెప్పింది. ఓబయ్య నవ్వి సరేనన్నాడు. అంటూనే ఒక మాట కలిపాడు. పలకలు సభవి గదా, జనం పాటల నడుమ లేచి వెళ్ళిపోతే మాత్రం ఆమె ఇక ఆ పలకలు తొక్కకూడదు.  పొగడ దానికీ ఒప్పుకుంది.

సభ రోజు పొద్దున్నే ఓబయ్య ఆమె చెట్టు కిందికి వచ్చాడు. చెప్పాలా వద్దా అన్నట్టు కాసేపు తటపటాయించి, గొంతు తగ్గించాడు.

"మూడో పాట దగ్గర జాగ్రత్త తల్లీ. ముసలాయన మధ్యలో ఆపేస్తాడు. గుహవాళ్ళు లేకపోతే నీ పాట ఎంత డొల్లో అందరికీ చూపిస్తాడట."

పొగడ నమ్మలేదు. తాత అలాంటివాడు కాడంది. నిప్పు లేనిదే పొగ వస్తుందా అని ఓబయ్య నిట్టూర్చి వెళ్ళిపోయాడు. గుహ దాకా వెళ్ళి అడిగేద్దామని పొగడ సగం దారి పోయింది. నిజం కాకపోతే అంత పెద్దాయన ఎంత నొచ్చుకుంటాడోనని ఆగింది. నిజమైతే ఆ మాట తను తట్టుకోలేదు. వెనక్కి తిరిగి వచ్చేసింది. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా? అది ఆమె వెంటే వచ్చింది.

మధ్యాహ్నం దాటేసరికి వాగు ఒడ్డు కిక్కిరిసింది. పొగడ పలకలెక్కింది. పక్కన బండ మీద గంభీరయ్య, ఆయన భుజాల మీద కీచురాళ్ళు, కొమ్మ మీద గువ్వ. రోజూ ఆమెను చూడగానే తల పంకించే గంభీరయ్య ఆ రోజు ముఖం తిప్పుకున్నాడు.

మొదటి పాట సాగింది. జనానికి కొత్తగా ఉంది, చెవులు నిక్కించి కూర్చున్నారు. రెండో పాటకు వెనక వరసలో ఎవరో కదిలారు. అయినా ఎవరూ లేవలేదు.

మూడో పాట మొదలైంది. సగం దాకా సవ్యంగానే నడిచింది. పొగడ చూపు పలకల మీద లేదు, ఎలుగు ఛాతీ మీద ఉంది. అది పొంగుతోందా, ఆగుతోందా? ఇప్పుడా, ఇంకో చరణంలోనా? ఆయన ఆపేలోగా పాట ఒడ్డు చేరాలి. తనకు తెలియకుండానే కాళ్ళు వేగం అందుకున్నాయి. కీచురాళ్ళు అందుకోలేక తడబడ్డారు. గువ్వ స్వరం తప్పింది. పొగడకు వినపడుతూనే ఉంది, కానీ కాళ్ళు ఆగలేదు.

గంభీరయ్య ఆపేశాడు.

ఆయన ఆగగానే మిగతా ముగ్గురూ ఆగారు. రెండు గెంతుల తర్వాత పొగడ కూడా ఆగింది. వాగు చప్పుడు తప్ప ఏమీ లేదు. వెనక కూర్చున్న జింకలు లేచి నిలబడ్డాయి. పొగడ తన కాళ్ళ కింది పలక వంక చూసింది. దాని మీద నిలబడటం ఇదే ఆఖరనుకుంది.

అప్పుడు ఓబయ్య లేచాడు. ఆ ఒక్క నిమిషం ఊరుకుని ఉంటే ఆయన అనుకున్నది నెరవేరేదే. కానీ తన తెలివి నలుగురికీ తెలియకపోతే ఆయనకు నిద్రపట్టదు.

"నాకు ముందే తెలుసు," అన్నాడు జనం వైపు తిరిగి. "మూడో పాటలో ఈయన ఆపేస్తాడని పొద్దున్నే ఈ అమ్మాయికి చెప్పాను. వినలేదు."

గంభీరయ్య మెల్లగా తల తిప్పాడు.

"ఆపాలని నేను అనుకున్నది ఇప్పుడు. ఈ పిల్ల పరుగెత్తాక. పొద్దున నాకే తెలియని సంగతి నీకెలా తెలిసింది ఓబయ్యా?"

ఓబయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు.

పొగడ పలకలు దిగి ఎలుగు ముందుకు వచ్చింది.

"నువ్వు ఆపేస్తావన్నాడు తాతా. అందుకే పరుగెత్తాను."

"నువ్వు పరుగెత్తించి మమ్మల్ని నవ్వులపాలు చేస్తావని నిన్న నాతో అన్నాడు," అన్నాడు గంభీరయ్య. "పరుగెత్తావు. నిజమేననుకుని ఆపాను."

జనంలో గుసగుసలు లేచాయి. పొగడకు ఓబయ్య మీద కోపం రాలేదు, ముందు తన మీదే వచ్చింది. సగం దారి దాకా వెళ్ళి తిరిగొచ్చింది తనే. ఆ మాటే అందరి ముందూ చెప్పింది. ఇచ్చిన మాట తప్పానని, అడగకుండా నమ్మానని అంది. తానూ అడగలేదని, ఈ వయసు వచ్చినా తనకు బుద్ధి రాలేదని ముసలి ఎలుగు అన్నాడు.

"మూడో పాట మళ్ళీ మొదటినుంచి ఎత్తుకో," అన్నాడు.

ఓబయ్య జారుకోబోయాడు. ముందు వరసలోని పెద్ద అడవిదున్న దారికి అడ్డంగా కొమ్ములు పెట్టింది.

"కూర్చో ఓబయ్యా. పాట మొదలవుతోంది."

మూడో పాటను పొగడ ఈసారి ఒక్క పలకతో మొదలుపెట్టింది. ఒకసారి మోగించి, ఆ మోత సన్నగిల్లేదాకా ఆగింది. ఆ ఖాళీలోకి ఎలుగు గొంతు నెమ్మదిగా వచ్చి చేరింది. తర్వాత గువ్వ, ఆపైన కీచురాళ్ళు. పొగడ కళ్ళు మూసుకుంది. ఎవరు ఎప్పుడు ఆగుతారో చూడాల్సిన పని లేకుండాపోయింది. జింకలు ఎప్పుడు కూర్చున్నాయో ఆమెకు తెలియదు. ఏడో పాట ముగిశాక కూడా చాలాసేపటిదాకా ఎవరూ లేవలేదు.

ఓబయ్య మాత్రం తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా ఏడో పాట దాకా విన్నాడు. ఆ సాయంత్రమే వాగు ఒడ్డు సభకు ఇక పెద్దంటూ ఎవరూ అక్కర్లేదని అడవి తీర్మానించింది. పీతలూ మేడిపళ్ళూ పాడినవాళ్ళ ముందే పెట్టారు.

ఎదుటివాణ్ణి అడగాల్సిన మాట మూడోవాడి నోట విన్నవాడు, తన పాటకు తానే తాళం తప్పిస్తాడు.