దివాణంలో రెండు సింహాలు

వృశ్చిక రాశివాళ్ల మనసులో విషం ఉంటుందని జ్యోతిష్కుడు అవధాని చెప్పగానే, మా జమీందారు ధాన్యపు కొట్టు కాపలాదారు పోలయ్యను పనిలోంచి తీసేశాడు. పాతికేళ్లలో ఒక్క గింజ పోలేదన్నది ఆయనకు గుర్తు రాలేదు.

అది విని ముసలి మంత్రసాని నూకాలు దివాణానికి వచ్చింది.

"దొరా, తమరిది ఏ రాశి?"

"సింహం!" అన్నాడు జమీందారు మీసం దువ్వుతూ.

"మీదీ, పోలయ్యదీ బొడ్డు కోసింది నేనే. మీది కోసి, పక్క కొట్టంలో వాడిది కోశాను. మధ్యలో చేతులు కడుక్కునే వ్యవధి కూడా లేదు. మరి వాడొక్కడే తేలెలా అయ్యాడు?"

జమీందారు అవధాని వైపు తిరిగాడు. "ఏమయ్యా, అయితే నేనూ తేలునేనా?"

అవధాని గబగబా పంచాంగం తిరగేశాడు. "పోలయ్యదీ సింహమే దొరా! లెక్క తప్పింది."

కొట్టు తాళాలు పోలయ్యకు తిరిగొచ్చాయి. ఇప్పుడు మా ఊళ్లో రెండు సింహాలున్నాయి. ఒకటి ధాన్యం కాస్తుంది. రెండోది పిల్లిని చూస్తే మంచమెక్కుతుంది.