గడప దాటిన గంజాయి

కుంతలగిరి రాజ్యంలో ఒక చట్టం ఉండేది. శ్రద్ధగా వినండి, కథంతా దాని మీదే నడుస్తుంది. ఈడొచ్చినవాళ్లు తమ ఇంట్లో గంజాయి తాగితే నేరం కాదు. దాన్ని గడప దాటించి వీధిలోకి తెస్తే మాత్రం, తెచ్చినవాడి కుడిచెయ్యి నరికేస్తారు.

ఆ నేరం మీద కొత్వాలు కుమ్మరి ఎర్రయ్యను పట్టుకుపోయాడు. సభలో తలారి కత్తి పట్టుకుని నిలబడ్డాడు. చెయ్యి పోతే ఇక కుండల సారె తిప్పేదెలాగని ఎర్రయ్య భార్య పైడెమ్మ సభకు పరుగెత్తుకొచ్చింది.

“వీధిలో గంజాయి చిలుంతో దొరికాడు ప్రభూ!” అన్నాడు కొత్వాలు.

“మోకాళ్లు పట్టేసి మూలనున్న మనిషి వీధిలోకెలా వస్తాడు బాబూ?” అంది పైడెమ్మ. “తమరు లాగినా కదిలుండడు.”

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. కొత్వాలుకు రోషం పొడుచుకొచ్చింది.

“నేను లాగితే కదలడా? చిలుంతో సహా మంచం మీంచి వీధిలోకి ఈడ్చుకొచ్చింది నేనే!”

“విన్నారా ప్రభూ? గంజాయిని గడప దాటించిందెవరో ఆయనే చెప్పారు.”

రాజు ముఖం నల్లబడింది. “కొత్వాలు చెయ్యి నరకండి,” అన్నాడు.

“ఆయన చెయ్యి నాకెందుకు ప్రభూ! మా ఆయన్ని వదిలెయ్యండి, చాలు.”

రాజు సరేనని తలూపాడు. అప్పుడు సభ వెనక నుంచి కుడిచెయ్యి లేని సాలెవాడొకడు లేచాడు. “నన్నూ ఇంట్లోంచే ఈడ్చుకొచ్చాడు ప్రభూ,” అన్నాడు. “నన్నూ” అంటూ మరొకడు లేచాడు. తర్వాత ఇంకొకడు.

ఆ తీర్పులన్నీ చెప్పింది రాజే. ఆయన ఇక తలెత్తలేకపోయాడు.